గద్దరాయి మోకు

ఏలూరు,
6 నవంబరు 2024, బుధవారం.

మామూజాన్‌కి అయాజ్ సలాములు.

మీ మోకు కోసింది మణికంఠ. కోయించింది వాళ్ల నాన్న, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారి, గద్దరాయి గుడి కమిటీ ప్రెసిడెంటు సుబ్బరామయ్య. ముందు ఈ రెండు పేర్లూ కాగితం మీద పెడుతున్నాను. క్షేమసమాచారాలు తర్వాత.

మీ దవడ రెండుచోట్ల విరిగిందనీ, పై పళ్లకీ కింది పళ్లకీ కలిపి తీగ కట్టారనీ, ఆరు వారాలు నోరు తెరవకూడదనీ హుమా అక్క చెప్పింది. ఫోన్ చేసి నేనెంత అరిచినా మీరు "ఊఁ" అనడం తప్ప ఏమీ చెప్పలేరు. నన్ను తణుకు ఆసుపత్రికి రావద్దని చేత్తో సైగ చేశారట. సరే, రాను. రాసి పంపుతాను. అక్క రోజూ పొద్దున బస్సుకి మీ దగ్గరికి వస్తుంది కదా, దాని బ్యాగులో పెడతాను. మీ చేతులు రెండూ బాగున్నాయి, అదొక్కటే నాకు ఊరట. నా ఎడమచేతి రాత చదవడం కష్టమని విసుక్కోకండి.

నా దగ్గర వీడియో ఉంది మామూ. పద్దెనిమిది సెకన్లు. ఆదివారం కొండకి బస్సులో వచ్చిన యాత్రికుడెవడో తీశాడు. మీరు రాతి మీద పడి ఉన్నారు. గడ్డమంతా రక్తం. మీకు రెండు గజాల దూరంలో మణికంఠ మోకాళ్ల మీద కూర్చుని మోకు కోస్తున్నాడు. ఆ కత్తి మీది. పిడికి మీరు చుట్టిన పసుపు దారం స్పష్టంగా కనబడుతోంది. పడ్డవాడు బతికాడో చచ్చాడో చూడకుండా వాడు తాడు ముక్కలు చేస్తున్నాడంటే అర్థమేమిటి? పైన ముందే సగం కోసిపెట్టి మిమ్మల్ని ఎక్కించారు. మీరు పడ్డాక, కోసిన ఆనవాలు దొరక్కుండా మొత్తం ముక్కలు చేశారు.

ఎందుకు చేశారో కూడా నాకు తెలుసు. దసరా ముందు సుబ్బరామయ్య మన పెరట్లో కూర్చుని, మీరిచ్చిన టీ తాగుతూ ఏమన్నాడు? "వచ్చే ఏడాది నుంచి నైలాన్ మోకు తెప్పిస్తామండీ ముబారక్ గారూ. మీకెందుకీ శ్రమ, విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. మీరు నవ్వారు. నేను గుమ్మంలో నిలబడి పళ్లు నూరాను. మన ముత్తాత నాటి నుంచీ ఆ కొండ అంచున అరవై రెండు మెట్లకీ చెయ్యి ఆనేది మనం పేనిన మోకే. పేనినవాడే కట్టాలి. కట్టినవాడే నూనె కుండ పట్టుకుని, మొదట ఆ మోకు మీద తన బరువు వేసి ఎక్కాలి. ఆ తర్వాతే కార్తీక సోమవారం భక్తులు ఎక్కాలి. ఇది దేవుడు పెట్టిన రూలు కాదు, పనివాడు పెట్టుకున్న రూలు. మెత్తటి మాటతో మనిషిని పనిలోంచి తోసెయ్యడం ఎలాగో నేను చాలా కరపత్రాల్లో చదివాను. "మీకెందుకీ శ్రమ" అనే మొదలుపెడతారు.

మీ మోకు దానంతటది తెగదు. ముప్పై ఒక్క ఏళ్లుగా తెగలేదు. ఈసారి అందులో నా చెయ్యి కూడా ఉంది, మీకు చెప్పలేదు గానీ. మీరు కళ్ల డాక్టరు దగ్గరికెళ్లిన రోజు రాట్నం ముందు కూర్చుని ఒక పురిలో నాలుగు బారలు నేనే పేనాను. ఒళ్లో కరపత్రం పెట్టుకుని, చదువుతూ తిప్పాను. మీరు చూస్తే వీపు చిట్లగొట్టేవారు. అయినా గట్టిగా పేనాను. ఆ నాలుగు బారల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, వాళ్లని వదలను.

ఒక్క మాట రాయండి చాలు. "అవును" అని.

మీ మేనల్లుడు,
అయాజ్.


తణుకు,
7 నవంబరు, గురువారం.

అయాజ్‌కి మామూ దీవెనలు.

కాదు.

నువ్వడిగిన ఒక్క మాటా రాశాను. ఇక తీరిగ్గా చదువు.

నన్ను నవ్వించే రాతలు రాయకు. "పళ్లు నూరాను" అని రాశావు. పళ్లు నూరాలన్నా అదృష్టం ఉండాలిరా, నావి తీగలో బిగించి ఉన్నాయి. నవ్వితే చెవి దాకా లాగుతోంది. మీ ముమానీ బద్రున్నీసా మటన్ పులుసు గుడ్డలో వడగట్టి పంపుతోంది. దాన్ని గొట్టంతో పీలుస్తుంటే పక్కమంచం ఆయన "ఏవండీ, వాసనొక్కటే మాకూనా అండీ" అంటున్నాడు. కాలు విరిగిన మనిషి, నాకంటే అన్యాయంగా ఉంది పాపం ఆయన పరిస్థితి.

మోకు తెగింది. ఎవరూ కోయలేదు. తెగాక కోయించింది నేను. మనిషిని పడేసిన మోకుని పొద్దుగుంకే లోపల పేనినవాడు ముక్కలు చెయ్యాలి. చెయ్యకపోతే ఎవడో ఒకడు తీసుకెళ్లి బావికో గేదెకో కట్టుకుంటాడు, అది మళ్లీ ఇంకొకణ్ణి పడేస్తుంది. నేను లేవలేకపోయాను. నోట్లోంచి మాట రావడం లేదు. మొలలోంచి కత్తి తీసి ఆ అబ్బాయికిచ్చి సైగ చేశాను. ఈ పద్ధతి నీకు చెప్పి ఉండాలి. రాట్నం దగ్గర నిన్ను కూర్చోబెట్టినప్పుడల్లా నువ్వు కాగితాలు చదువుతూ ఉంటే, పోనీలే తర్వాత చెబుదామని ఊరుకున్నాను. నాదే పొరపాటు.

ఎందుకు తెగిందో మాత్రం నన్ను అడగకు.

నువ్వెప్పుడూ గద్దరాయికి రాలేదు. ఎన్నోసార్లు పిలిచాను, పరీక్షలనో మీటింగులనో తప్పించుకున్నావు. కామవరపుకోటలో బస్సు దిగి ఆటో ఎక్కితే పామాయిల్ తోటలు, ఆ తర్వాత జీడిమామిడి. మట్టి ఎర్రగా మారిన చోట చలి మొదలవుతుంది. కొండ ఒక పక్క గొడ్డలితో నరికినట్టుంటుంది. ఆ నరుకులో, సగం ఎత్తులో గుడి. ఏ కాలంలో తొలిచారో ఎవరికీ తెలియదు. గుమ్మం పైన చెక్క దూలాల్లాంటివి రాతిలోనే చెక్కారు, మేకు తలలతో సహా. చెక్క పని తెలిసినవాడెవడో రాతికి వచ్చి తన అలవాటు మానుకోలేకపోయాడు. నాకు ఆ మేకు తలలు చూడ్డం ఇష్టం. గడప అవతల నేను అడుగుపెట్టను, నన్నెవరూ వద్దనలేదు, పెట్టమనీ అనలేదు. నూనె కుండ గడప మీద దించి, ఓ నిమిషం వెనక్కి తిరిగి నిలబడతాను. అక్కణ్ణుంచి కొల్లేరు కనబడుతుందంటారు. ముప్పై ఒక్క ఏళ్లలో నాకు కనబడలేదు. అది ఉన్న దిక్కు మాత్రం తెలుసు. అటు చూసి దిగివస్తాను.

నువ్వు ఇక్కడికి వచ్చి నా మొహం చూస్తే తిన్నగా వెళ్లి ఎవరినో కొడతావు. అందుకే రావద్దన్నాను. ఇంట్లో ఉండు. పీచు తడవకుండా చూడు.

మామూ.


కొల్లేరు, చేపల చెరువు గట్టు,
9 నవంబరు, శనివారం.

మామూజాన్‌కి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గొట్టం, పులుసు, మేకు తలలు, కొల్లేరు. అన్నీ రాశారు. మధ్యలో ఒక్క వాక్యం మాత్రం గుటకేసినట్టు రాశారు: "ఎందుకు తెగిందో మాత్రం నన్ను అడగకు." అడగొద్దని మీకెవరు చెప్పారు మామూ? తాడు గురించి అడిగితే రాత్రి అన్నం మానేసి చెప్పే మనిషి మీరు. ఆ వీడియోలో మీ కళ్లు మూసుకుని ఉన్నాయి. కళ్లు మూసుకున్న మనిషి కత్తి తీసి ఇచ్చి సైగ చేశాడంటే నేను నమ్మాలా? వాళ్లు మిమ్మల్ని బెదిరించారు. ఆసుపత్రి మంచం మీదకి వచ్చి బెదిరించారు.

అందుకని నిన్న పదకొండు గంటలకి గూడెంలో వాళ్ల ఉల్లిపాయల కొట్టుకి వెళ్లాను. దాచుకోను, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మణికంఠ కొట్లో బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. రెండు అరచేతులకీ మణికట్టు దాకా కట్లు. ఆ కట్లు చూడగానే నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. కోసేటప్పుడు కత్తి జారి వాడికీ తగిలిందన్నమాట.

"ఏరా అయాజ్! రా, కూర్చో. మామయ్యగారికి ఎలా ఉందిరా?" అన్నాడు. డిగ్రీలో నా పక్క బెంచీలో కూర్చున్నప్పటి గొంతే.

"నువ్వే చెప్పు. పైనుంచి చూసినవాడివి."

"ఒరే, నువ్వేదో మనసులో పెట్టుకుని వచ్చావు."

"మోకు ఎవరు కోశారో చెప్పు."

"నేను చెబితే నువ్వు నమ్మవురా. మీ మామయ్యగారినే అడుగు" అన్నాడు.

దవడకి తీగ కట్టి పడుకోబెట్టిన మనిషిని అడగాలట! నోరు లేకుండా చేసి, ఆ నోటినే అడగమంటున్నాడు! అది వినగానే నా కళ్ల ముందు ఎర్రగా అయిపోయింది. కాటా పక్కన ఐదు కిలోల గుండు ఉంది. ఎడమచేత్తో ఎత్తాను. వాణ్ణి ఛాతీ మీద తన్నాను, బస్తా మీంచి వెనక్కి పడ్డాడు. కుడిచేతిని కాలితో నేలకి అదిమిపట్టి గుండుతో కొట్టాను. మూడుసార్లు. మొదటిసారి చప్పుడు తడిగా వచ్చింది. రెండోసారి పుల్ల విరిగినట్టు. మూడోసారి వాడు అరవడం మానేశాడు. కట్టు తెల్లగా ఉన్నది నల్లగా అయింది. ఉల్లిపాయలు దొర్లి వాడి జుట్టులోకి పోయాయి.

ముఠా కూలీలు నన్ను పట్టుకుని ఉతికారు. పక్కటెముక ఒకటి కదిలింది, ముందు పన్ను లేదు. బస్తాలెత్తే కొక్కెం ఒకటి భుజంలో దిగింది. దొర్లుకుంటూ బయటపడి, నా స్నేహితుడు నెల్సన్ బైకు మీద ఇక్కడికొచ్చాను. వాడి చెరువు కాపలా పాకలో ఉన్నాను. పగలంతా ఏరేటర్ల మోత. గూడకొంగలు గట్టు మీద వరుసగా నిలబడి నన్ను చూస్తుంటాయి. మీ ఉత్తరాలు నెల్సనే అక్క దగ్గర్నుంచి తెస్తాడు.

నాకు పశ్చాత్తాపం లేదు. ఒక్కటి మాత్రం రాయాలి. నేను గుండు ఎత్తినప్పుడు వాడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకోబోయాడు. ఎందుకో ఇందాకటి నుంచి అదే గుర్తొస్తోంది.

మీ అయాజ్.


తణుకు,
10 నవంబరు, ఆదివారం.

అయాజ్,

నీకు సలాము రాయడానికి చెయ్యి రావడం లేదు.

మోకులు పేనే ఇంట్లో పుట్టావు. పరిగెత్తే మోకుని ఒట్టి చేత్తో పట్టుకుంటే అరచెయ్యి ఏమవుతుందో చిన్నప్పుడు నా చేతుల్లోనే చూశావు. మనిషి రెండు చేతులకీ ఒకేలా కట్లుంటే కత్తి జారిందనుకున్నావా? కత్తి రెండు చేతుల్నీ కోస్తుందిరా?

ఆ రోజు కట్టిన మోకు మీద ముందు నేను ఎక్కాను. నా వెనక పది మెట్ల కింద, మోకు కింది కొస పట్టుకుని మణికంఠ వచ్చాడు. ఏటా ఎవరో ఒకరు అలా రావాలి. నలభయ్యో మెట్టు మీద తెగింది. నేను మోకు పట్టుకునే అంచు దాటి పోయాను. అతను వదల్లేదు. మోకు దాన్ని దూర్చిన రాతి కన్నంలోంచి జారుతూ అతని అరచేతుల్లోంచి పరిగెత్తింది. అతను వదిలేసి ఉంటే నేను నూట యాభై అడుగుల కింద ఉండేవాణ్ణి. వదలకపోబట్టి రెండు నిలువుల కింద రాతి అరుగు మీద పడ్డాను. ఆ తోలు ఊడిన చేతులతోనే, నేను సైగ చేస్తే, కత్తి పట్టుకుని మోకు ముక్కలు చేశాడు. నువ్వు చూసింది ఆ పద్దెనిమిది సెకన్లు.

అతన్ని ఇదే ఆసుపత్రికి తెచ్చారు. కుడిచేతి రెండు వేళ్లు నిన్న తీసేశారు.

సుబ్బరామయ్యగారు నిన్న మధ్యాహ్నం నుంచీ నా మంచం దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. "ఏవండీ ముబారక్ గారూ, మావాడు ఏం తప్పు చేశాడండీ?" అని నాలుగుసార్లు అడిగారు. నేను చెప్పలేననుకుని తనే తలదించుకుంటున్నారు. పోలీసు కంప్లైంటు ఇంకా ఇవ్వలేదు. "మోకు ఎలా తెగిందో మీ చేత్తో రాసివ్వండి చాలండీ, మావాడి మీద పడ్డ మాట పోతుంది. తర్వాత సంగతి తర్వాత" అంటున్నారు. కాగితం, పెన్ను ఇచ్చారు. ఆ కాగితం నా ముందు ఖాళీగా ఉంది. దాని మీద రాయలేక నీకు రాస్తున్నాను.

పాకలోంచి కదలకు.

మామూ.


కొల్లేరు,
12 నవంబరు, మంగళవారం.

మామూ,

మీ పదో తారీఖు ఉత్తరం వచ్చింది. అది మీరు రాసే సమయానికి సుబ్బరామయ్య మీ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడని మీరే రాశారు. అక్కని అడిగితే "అవును, ఆయన అక్కడే ఉన్నాడు" అంది. ఇక నాకేం అర్థమవుతుంది? చెయ్యి మీది, మాట ఆయనది. కోయించినవాడి కొడుకుని దేవుణ్ణి చేశారు. చేతులడ్డం పెట్టి కాపాడాడట! అంత కాపాడితే, మోకు ఎలా తెగిందో ఆయన కాగితం మీద రాయడానికి మీకు చెయ్యి ఎందుకు రాలేదు? మీరు అబద్ధం రాయలేరు మామూ. నిజం రాయనివ్వడం లేదు వాళ్లు. ఆ ఖాళీ కాగితమే నాకు సాక్ష్యం.

నిన్న ఏం జరిగిందో మీకు అక్క చెప్పి ఉండదు. మధ్యాహ్నం రెండు గంటలకి గూడెం నుంచి ఆరు బైకుల మీద వచ్చారు. ఏలూరులో మన పెరట్లో పీచు మోపుల మీద పెట్రోలు పోశారు. మీకు తెలుసు కదా ఎండు పీచు ఎలా అంటుకుంటుందో. బుస్సుమని ఇంటి ఎత్తు లేచిందట మంట. "మా మణి చేతికి మీ చెయ్యి" అని అరుస్తూ పోయారు. ముమానీ లోపలికి ఉరికి రాట్నాన్ని ఈడ్చుకొచ్చింది. చీర కొంగు అంటుకుని మోచేతి దాకా కాలింది. "ఆయన రాట్నం, ఆయన రాట్నం" అంటూనే ఉందట, మందు రాస్తుంటే కూడా. రాట్నం బతికింది. తాత నాటి వేప చెక్క పందిరి బూడిద.

ఇక ఆగడం నావల్ల కాదు. కరపత్రం నేనే రాశాను, నెల్సన్ భీమడోలులో వెయ్యి కాపీలు తీయించాడు. జూట్ మిల్లు వాళ్లు, ఆటోల వాళ్లు, చెరువుల మీద పనిచేసే వాళ్లు, పెద్దింటి మెత్తటి మాటకి పని పోగొట్టుకున్న ప్రతివాడూ వస్తానన్నాడు. మూడు వందలకి తగ్గరు. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకి గూడెం ఉల్లిపాయల మార్కెట్ గేటు. ఈసారి గుండు ఒకటే ఉండదు. ఆ కొట్టు ఉండదు. అడ్డమొస్తే ఆ ఇల్లూ ఉండదు.

అంతకుముందు నాకు ఒక వస్తువు కావాలి. గుడి దగ్గర పై కన్నానికి కట్టిన కొస ఇంకా అక్కడే వేలాడుతోందట. మోకు లేకుండా ఎవరూ ఎక్కలేక వదిలేశారు. కోసిన కొస నున్నగా ఉంటుంది, తెగిన కొస పీచు లేచి గడ్డంలా ఉంటుంది. ఇది మీరు నేర్పిందే. రేపు గద్దరాయి వెళ్లి ఆ నున్నటి కొస తెచ్చి, శుక్రవారం అందరి ముందూ ఎత్తి చూపిస్తాను. మీ నోరు కట్టేశారు గానీ మీ మోకు నోరు కట్టలేరు.

అయాజ్.


తణుకు,
13 నవంబరు, బుధవారం పొద్దున.

ఒరే అయాజ్, బాబూ,

కొండకి వెళ్లకు. నీకు పనికొచ్చేదేమీ లేదక్కడ. మెట్లు పాచి పట్టి ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు.

నీకు కావలసింది రాసేస్తున్నాను. నా కళ్లకి పొరలు కమ్మాయి. డాక్టరు చెప్పాడు, నేనే ఇంట్లో చెప్పలేదు. మోకు నేనే సరిగ్గా పేనలేదు. సుబ్బరామయ్యగారికి నా చూపు సంగతి తెలుసు, అందుకే వచ్చే ఏడు మానుకోమన్నారు. తప్పు నాది. ఆయన కాగితం మీద కూడా ఇదే రాసి ఇచ్చేస్తున్నాను. దీంతో అయిపోయింది.

శుక్రవారం ఎవరినీ ఎక్కడికీ రమ్మనకు. వచ్చినవాళ్లని వెనక్కి పంపు. ముమానీ చెయ్యి మానుతుంది. పందిరి మళ్లీ వేసుకుంటాం. నువ్వు జైలుకి పోతే నేను పేనుకోలేను.

ఈ ఉత్తరం నెల్సన్ పరుగున తెస్తాడని హుమా అంటోంది. కొండెక్కే ముందు అందాలి.

నీ మామూ.


కామవరపుకోట బస్టాండు,
14 నవంబరు, గురువారం.

మామూజాన్‌కి,

మీ ఉత్తరం నాకు అందే సరికి నేను కొండ దిగేశాను. నెల్సన్ దాన్ని ఇక్కడ బస్టాండులో నా చేతిలో పెట్టాడు. నిన్న పగలంతా ఏం చేశానో వరుసగా రాస్తాను, నాకూ వరుస కావాలి.

మట్టి ఎర్రబడ్డ చోట చలి మొదలైంది, మీరు రాసినట్టే. మెట్ల మొదట్లో ముళ్లకంప అడ్డం పెట్టారు. పక్కన వత్తులూ ప్రమిదలూ అమ్మే ముసలావిడ ఉంది, పేరు వీరరాఘవమ్మ. నన్ను ఎగాదిగా చూసింది.

"మీరు మోకువారి అబ్బాయేనా అండీ? ఆ ముక్కు అదేనండి."

అవునన్నాను.

"మీ మామయ్యగారు బతికి బట్టకట్టారటగా? ఆ కోమట్ల అబ్బాయి పుణ్యమండి. నేను ఇక్కడే ఉన్నాను. కేక వినబడి తలెత్తేసరికి మోకు పరిగెడుతోందండి, పొగ వచ్చింది, మీరు నమ్మరు. 'వదిలెయ్యి బాబూ, వదిలెయ్యి' అని నేనే అరిచాను, బుద్ధిలేక. వదల్లేదండి. తర్వాత చూస్తే అరచేతుల తోలంతా మోకుకే అంటుకుపోయింది. ఆ చేతులతోనే కత్తి పట్టుకుని మీ మామయ్యగారు చూపించినట్టు ముక్కలు కోశాడు. నేను నీళ్లు పోశాను. నీళ్లు పడగానే ఏడ్చాడండి, అంతదాకా ఏడవలేదు. ఇప్పుడెలా ఉన్నాయండీ ఆ చేతులు?"

ఆవిణ్ణి ఎవరూ బెదిరించలేదు మామూ. ఆవిడ కాళ్ల దగ్గర ఏ సుబ్బరామయ్యా కూర్చుని లేడు. అయినా నాకు ఇంకా మొండిగానే ఉంది. కొస ఉంది కదా, కొస చెబుతుంది అనుకున్నాను.

కంప దాటి ఎక్కాను. రెండు చేతులూ రెండు కాళ్లూ, బల్లిలా. నలభయ్యో మెట్టు దగ్గర రాతి కన్నం చుట్టూ మరక ఉంది, గోధుమరంగు. అందులో పీచు అతుక్కుని ఉంది, పీచుకి చర్మం. కిందికి చూశాను. మీరు పడ్డ అరుగు కనబడింది, దాని కింద ఏమీ కనబడలేదు. పక్కటెముక గుచ్చుతుంటే ఇంకా ఎక్కాను. గుడి గుమ్మం దాకా వెళ్లాను. మేకు తలలు చూశాను. లెక్కపెట్టలేదు, చెయ్యి వేసి చూశాను. నిజంగానే మేకుల్లా ఉన్నాయి. వెనక్కి తిరిగి కొల్లేరు కోసం చూశాను, కనబడలేదు.

పై కన్నంలో కొస వేలాడుతోంది. ఒళ్లోకి లాక్కున్నాను.

నున్నగా లేదు. గడ్డంలా ఉంది.

మూడు పురుల్లో రెండు బిగువుగా, కుడివైపు తిరిగి ఉన్నాయి. మూడోది ఉబ్బి, విచ్చుకుని, లోపలి పీచు కక్కుకుని ఉంది. దాని మెలి ఎడమవైపుకి ఉంది. వేలితో తిప్పి తిప్పి చూశాను. చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టాక ఏ పురి ఎటు తిరిగిందో చేతికి తెలియదు, పొరలు కమ్మిన కంటికి అసలే తెలియదు. బరువు పడ్డప్పుడు కుడి పురులు బిగుసుకుంటాయి, ఎడమ పురి విప్పుకుంటుంది. "నువ్వు కూర్చునేటప్పుడు రాట్నం వెనక్కి తిప్పి పెట్టుకోరా, నీ చెయ్యి ఎదురు తిరుగుతుంది" అని నాకు ఏడేళ్ల వయసు నుంచీ చెబుతున్నారు. ఆ రోజు తిప్పి పెట్టుకోలేదు. ఒళ్లో కరపత్రం ఉంది. మన ఇంట్లో ఎడమచేతివాణ్ణి నేనొక్కణ్ణే.

మోకు తెగగానే మీకు తెలిసిపోయింది. నోట్లో రక్తంతో అంత తొందరగా ముక్కలు చేయించింది పద్ధతి కోసమే కాదు. ఆ పురి ఎవరి కంటా పడకూడదని. నేను చూడకూడదని. ఖాళీ కాగితం కూడా అందుకే. ఇప్పుడు మీ కళ్లని అడ్డం పెట్టారు. నా కోసం మీరు అబద్ధం రాశారు మామూ, నేనేమో మీరు అబద్ధం రాయలేరని పందెం కట్టాను.

వాడు చేతులు చంకల్లో ఎందుకు దాచుకోబోయాడో తెలిసింది. మిమ్మల్ని పట్టుకున్న చేతులు అవి. తెగిన మోకు పేనిన చెయ్యి ఎత్తిన గుండు కింద పడ్డాయి.

మీరు రాసిచ్చిన కాగితం చించెయ్యమని సుబ్బరామయ్యగారికి చెప్పండి. అందులో పేరు తప్పు. వచ్చేవాళ్లని వెనక్కి పంపమన్నారు. పంపలేను. వెయ్యి కాగితాలు వెళ్లిపోయాయి, మూడు వందల మంది కర్రలు సిద్ధం చేసుకున్నారు, కూడదంటే నన్నే కొనేశారంటారు, నేను లేకుండానే వెళ్లి ఆ కొట్టు తగలబెడతారు. వాళ్లని అక్కడికి పిలిచింది నేను. వాళ్లకంటే ముందు నేను అక్కడ ఉండాలి. నెల్సన్ బండి దగ్గర నిలబడి "నీకు పిచ్చెక్కిందిరా, చంపేస్తార్రా, ఇటువాళ్లు కాకపోతే అటువాళ్లు" అంటున్నాడు. తిడుతూనే కొత్త కాగితం ప్రింటు తీయించడానికి వెళ్తున్నాడు. అందులోని మాటలే ఈ ఉత్తరం కింద మీకూ రాస్తున్నాను. అక్క చేత మణికంఠ మంచం దగ్గర చదివించండి. నేను వచ్చి చెప్పే ధైర్యం రేపు నాలుగు దాటాక ఉంటుంది, నేను ఉంటే.

మీ అయాజ్.

ఒక తప్పు జరిగింది. చేసినవాడి పేరు అయాజ్. ఏలూరు మోకులు పేనే ముబారక్ మేనల్లుణ్ణి, ఇది రాస్తున్నవాణ్ణి.

గద్దరాయి మోకు ఎవరూ కోయలేదు. నేను తప్పుగా పేనిన పురి విచ్చుకుని తెగింది. మా మామయ్యని అరచేతుల తోలు ఊడినా వదలకుండా బతికించినవాడు మణికంఠ. అతని రెండు వేళ్లు పోగొట్టింది నేను. మొన్న మీకు పంచిన కాగితంలో ఉన్నదంతా అబద్ధం, నేను నమ్మి రాసిన అబద్ధం. మా పీచు తగలబెట్టినవాళ్లు కూడా రండి, మీ కోపం ఎక్కడ మొదలైందో నేను చూపిస్తాను.

తెగిన కొస నా దగ్గర ఉంది. ఎడమ పురి ఎవరైనా వేలితో తిప్పి చూసుకోవచ్చు. ఆ కొస పట్టుకుని ఒక్కణ్ణే నిలబడతాను. నా చుట్టూ ఎవరూ ఉండరు. తర్వాత నడిచి పోలీస్ స్టేషన్‌కి వెళ్తాను, అంతదాకా నడవనిస్తే.

కర్రలు తెచ్చుకున్నవాళ్లు తెచ్చుకోండి. ఎవరి మీద ఎత్తాలో తెలుసుకుని ఎత్తండి. ఆ కొట్టు మీద మాత్రం చెయ్యి పడకూడదు, పడాలంటే నా మీదుగా పడాలి.

చోటు మారలేదు, వేళ మారలేదు. శుక్రవారం, నవంబరు 15. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ గేటు. సాయంత్రం నాలుగు గంటలకి. అందరూ రండి.